లుబ్లియానాలో రెండు రోజులు: అమ్మానాన్నలతో హడావిడి లేని ప్రయాణానికి సలహాలు కావాలి

గోదారిగట్టు
గురువారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేము మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మా నాన్నా వచ్చి నెల దాటింది, అక్టోబరు మధ్యలో వెళ్ళిపోతారు. ఈలోగా ఒక్క వారాంతమైనా వాళ్ళను ఎక్కడికైనా తీసుకెళ్ళాలని ఉంది. నాన్నకు డెబ్బై దాటాయి, నడక ఇష్టం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అరగంట నడిస్తే కాసేపు కూర్చోవాలి. ఇద్దరూ శాకాహారులు. పెద్ద నగరం పేరెత్తితే చాలు, ‘ఆ జనంలో మేమెక్కడ పడతాం’ అంటున్నారు.

మా ఆఫీసులో ఒకరు స్లొవేనియా రాజధాని లుబ్లియానా పేరు చెప్పారు. చిన్న ఊరు, నది ఒడ్డున ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఊరి నడిబొడ్డున కార్లే తిరగవు అన్నారు. సెప్టెంబరు ఆఖరి వారంలో శుక్రవారం సెలవు పెట్టి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలని ఆలోచన. కారు ఉంది కానీ మావారికి అంత దూరం నడపాలని లేదు. రైలు మంచిదేనా? బస ఎక్కడ చూసుకోవాలి? అమ్మానాన్నలవి మూడు నెలల షెంగెన్ (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమి) వీసాలు, వేరే దేశం దాటితే ఇబ్బంది ఏమైనా ఉంటుందా? బ్లెడ్ సరస్సు కూడా కలపమని అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ చెబుతున్నారు. కలపాలా?

రైలుబండి
గురువారం, రాత్రి 9:50

గోదారిగట్టు గారూ, రైలే. ఇందులో రెండో మాట లేదు.

మ్యూనిక్ నుంచి లుబ్లియానాకు నేరుగా వెళ్ళే రైలుంది, ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ఉదయం ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. ఆరు గంటలా అని భయపడకండి. సాల్జ్‌బుర్గ్ దాటాక కిటికీ వదలబుద్ధి కాదు. బాడ్ గాస్టైన్ దగ్గర రైలు కొండ అంచున పాకుతూ పోతుంది, కింద లోయలో ఇళ్ళు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. విల్లాఖ్ దాటాక కారవాంకెన్ సొరంగం వస్తుంది. 1906లో తెరిచారు, పొడవు దాదాపు 8 కిలోమీటర్లు. ఆస్ట్రియాలో లోపలికి వెళ్ళి స్లొవేనియాలో బయటపడతారు. నాన్నగారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, గడియారం చూసుకుంటూ కూర్చుంటారు.

టికెట్లు ముందుగా కొంటే చాలా చవక. కాకపోతే ఆ చౌక టికెట్లు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి. సీట్లు తప్పక రిజర్వు చేయించండి. నలుగురూ ఎదురెదురుగా కూర్చునే బల్ల ఉన్న చోటు దొరికితే పులిహోర డబ్బా తెరవడానికి సౌకర్యం.

వీసా సంగతి: స్లొవేనియా 2007 డిసెంబరు నుంచి షెంగెన్‌లోనే ఉంది, డబ్బు కూడా యూరోలే. అమ్మానాన్నల వీసా ఒకే ప్రవేశానిదైనా ఇబ్బంది లేదు. షెంగెన్ లోపల ఎటు తిరిగినా బయటికి వెళ్ళినట్టు లెక్క కాదు. అయితే స్లొవేనియా నుంచి వచ్చేవాళ్ళను ఆస్ట్రియా వాళ్ళు, ఆస్ట్రియా నుంచి వచ్చేవాళ్ళను జర్మనీ వాళ్ళు తనిఖీ చేయడం కొన్నేళ్ళుగా మామూలే. పాస్‌పోర్టులు పెట్టెలో అడుగున కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి. మీ ఇద్దరికీ నివాస అనుమతి కార్డు ఒక్కటే సరిపోదు, పాస్‌పోర్టు కూడా ఉండాలి.

నాలుగుచక్రాలు
గురువారం, రాత్రి 10:31

రైలుబండి గారు రైలు తప్ప ఇంకేదైనా చెబుతారా అని ఎదురుచూశాను. చెప్పలేదు.

కారులో అయితే మ్యూనిక్ నుంచి సుమారు 400 కిలోమీటర్లు, దారి ఖాళీగా ఉంటే నాలుగున్నర గంటలు. రుసుములు మాత్రం విడివిడిగా కట్టాలి. ఆస్ట్రియా హైవే విన్యెట్ (రోడ్డు రుసుము చీటీ), టౌవెర్న్ కొండ రహదారికి వేరే, కారవాంకెన్ రోడ్డు సొరంగానికి వేరే, స్లొవేనియా విన్యెట్ ఇంకొకటి. స్లొవేనియాది ఇప్పుడు అద్దానికి అంటించే చీటీ కాదు, బండి నంబరు మీద ఆన్‌లైన్‌లో కొనాలి. అధికారిక సైటులోనే కొనండి, మధ్యవర్తుల సైట్లు అదనంగా గుంజుతాయి.

కారు ఉంటే శుక్రవారం రాత్రికి ఊరు చేరుకోవచ్చు. శనివారం ఉదయం బ్లెడ్, సాయంత్రం లుబ్లియానా కోట. ఆదివారం పొద్దున్నే పోస్తొయ్నా గుహ చూసుకుని అటునుంచి అటే ఇంటికి. ఊళ్ళో చూడ్డానికేముందండీ, మూడు గంటల్లో అయిపోతుంది. అంత దూరం వెళ్ళి గుహ చూడకుండా ఎవరైనా వస్తారా?

బద్ధకరత్న
గురువారం, రాత్రి 11:05

ఎవరైనా వస్తారా అంటే, నేను వచ్చాను. హాయిగా వచ్చాను.

నాలుగుచక్రాలు గారూ, మీరు చెప్పినది బాగానే ఉంది, పాతికేళ్ళ కుర్రాళ్ళ జట్టుకు. గోదారిగట్టు గారి శీర్షికలోనే ‘హడావిడి లేని’ అని ఉంది. పోస్తొయ్నా గుహలో మొత్తం దారి 5 కిలోమీటర్లు. అందులో మూడున్నర చిన్న రైలు మీద వెళ్తారు, ఒప్పుకుంటాను. మిగతా ఒకటిన్నర కిలోమీటరు ఎత్తుపల్లాల తడి దారిలో గుంపుతో పాటు నడవాలి. లోపల ఏడాది పొడవునా చలే, పది డిగ్రీలు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి మధ్యలో ‘నేను కాసేపు కూర్చుంటా’ అనే వీలుండదు, గుంపు సాగిపోతుంది.

ఊళ్ళో మూడు గంటల్లో అయిపోతుందన్నారు. నిజమే, అన్నీ చూసి టిక్కు పెట్టుకుంటే మూడు గంటలే. ఈ ఊరు బాగుండేది ఆ మూడు గంటలు అయిపోయిన తరువాతే. జనాభా మూడు లక్షల లోపు. అయినా దేశపు పార్లమెంటు, విశ్వవిద్యాలయం, జాతీయ గ్రంథాలయం, నాటకశాలలు అన్నీ ఒకదాని నుంచి ఒకటి నడిచివెళ్ళేంత దగ్గరలో ఉంటాయి. పాలించేవాళ్ళూ, చదువుకునేవాళ్ళూ, కూరగాయలు అమ్మేవాళ్ళూ అదే వంతెన దాటుతారు. దాన్ని కూర్చుని చూడాలి.

నా సలహా ఇదీ. పూటకొకటే పని పెట్టుకోండి. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం భోజనం చేసి గదిలో నడుం వాల్చాలి. మన పెద్దవాళ్ళకు ఆ కునుకు లేకపోతే ఎంత అందమైన ఊరైనా సాయంత్రానికి చిరాకే. అందుకే బస ఊరి మధ్యలో ఉండాలి, పది నిమిషాల్లో గదికి చేరాలి. దూరంగా చవగ్గా తీసుకుంటే మధ్యాహ్నం వెనక్కి రారు. అక్కడే పడుతుంది దెబ్బ.

ఇంకొక్క జాగ్రత్త. నది ఒడ్డున మొదటి వరుస ఇళ్ళలో మాత్రం తీసుకోకండి. కింద అన్నీ కాఫీ దుకాణాలూ బార్లే. శుక్ర, శనివారాల్లో అర్ధరాత్రి దాకా సందడి ఉంటుంది. ఒక వీధి వెనక్కి వెళ్ళినా చాలు. లేదా ట్ర్నోవో, క్రాకోవో వైపు చూడండి. క్రాకోవోలో ఇళ్ళ పక్కనే ఇప్పటికీ కూరగాయల మళ్ళున్నాయి. రాజధాని నడిమధ్యలో పాలకూర, క్యాబేజీ పెరుగుతుంటే అమ్మగారికి ఏ కోటా అక్కర్లేదు.

గోదారిగట్టు
శుక్రవారం, ఉదయం 7:20

చాలా సంతోషం. ‘పూటకొకటే పని’ అన్న మాట మావారికి చదివి వినిపించాను, ఈ సలహా ఇచ్చినవారికి దండం పెట్టమన్నారు. రైలు ఖాయం. అయితే కార్లు తిరగకపోతే అమ్మకు కష్టం కాదా? నడవలేనప్పుడు టాక్సీ కూడా దొరకదు కదా. కోట కొండ మీద ఉందట, ఎక్కడం ఎలా?

కొత్తచిగురు
శుక్రవారం, ఉదయం 8:02

అక్కా, నేను ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో చదువుకుంటున్నాను, లుబ్లియానా మాకు దగ్గర. కోటకు ఫునిక్యులర్ (పట్టాల మీద కొండెక్కే బండి) ఉంది, 2006 నుంచి నడుస్తోంది. కూరగాయల బజారు పక్కనే ఎక్కాలి, ఒక్క నిమిషంలో పైన ఉంటారు. కోట ఆవరణలోకి వెళ్ళడానికి డబ్బు కట్టక్కర్లేదు. బురుజు ఎక్కాలన్నా, లోపలి ప్రదర్శనలు చూడాలన్నా టికెట్టు కొనాలి. మా బ్యాచ్ వాళ్ళమైతే కాలిబాటన నడిచే ఎక్కుతాం, మీరు వద్దు.

ఊరి మధ్యలో నడవలేనివాళ్ళ కోసం ‘కవలీర్’ అని చిన్న విద్యుత్ బండ్లు తిరుగుతుంటాయి. ఉచితం. ఎదురైతే చెయ్యి ఊపితే ఆపుతారు, ఫోను చేసి కూడా పిలిపించుకోవచ్చు. హోటలు వాళ్ళనడిగితే వాళ్ళే చేసిపెడతారు. నెమ్మదిగా మనిషి నడకంత వేగంతో పోతాయి. పెద్దవాళ్ళు భలే ఇష్టపడతారు.

సిటీ బస్సు ఎక్కే పని ఉంటే మాత్రం డ్రైవరు నోట్లూ చిల్లరా తీసుకోడు. ఎలా చెల్లించాలో ముందే కనుక్కోండి.

రాళ్ళూరప్పలు
శుక్రవారం, మధ్యాహ్నం 12:44

భోజన విరామంలో రాస్తున్నాను, కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

ఊళ్ళో చూసేదేముంది అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగలేదు. ఈ ఊరిలో రెండు అడుగులకొకసారి ఒక మనిషి ఎదురవుతాడు: యోజె ప్లెచ్నిక్, వాస్తుశిల్పి, 1872లో పుట్టి 1957లో పోయాడు. వియన్నాలో, ప్రాగ్‌లో పని చేసి సొంత ఊరికి తిరిగి వచ్చి, దాన్ని ఒక ఇల్లు సర్దుకున్నట్టు సర్దుకున్నాడు. ఆయన ఇక్కడ చేసిన పనులను యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అవి గొప్ప రాజభవనాలేమీ కావు. వంతెన, బజారు, నది గట్టు మెట్లు, పార్కులో నడక దారి, శ్మశానం. జనం రోజూ వాడుకునేవే.

మూడు వంతెనలే తీసుకోండి. మధ్యది 1842 నాటి రాతి వంతెన. రద్దీ పెరిగింది. మామూలు ఇంజనీరైతే పడగొట్టి వెడల్పు వంతెన కడతాడు. ప్లెచ్నిక్ పాతదాన్ని ముట్టుకోకుండా అటూ ఇటూ రెండు కాలినడక వంతెనలు వేశాడు. 1932కి పూర్తయింది. అవి సమాంతరంగా ఉండవు, విసనకర్ర పుల్లల్లా ఒక చివర విప్పుకుని ఉంటాయి. వాటి మీంచి నీటి మట్టం దగ్గరికి మెట్లు దిగుతాయి. అమ్మగారు దిగక్కర్లేదు, పైన రాతి పిట్టగోడకు ఆనుకుని నిలబడి చూస్తే చాలు.

వంతెన ఇవతల కవి ప్రెషెరెన్ విగ్రహం, 1905లో పెట్టారు. స్లొవేనియా జాతీయ గీతం ఆయన కవితలోని ఒక చరణమే. కవి తల మీదుగా కావ్యకన్య కొమ్మ పట్టుకుని ఉంటుంది, ఆమె ఒంటి మీద బట్టలు అంతంతమాత్రం. ఎదురుగా చర్చి. అప్పట్లో పెద్ద గొడవైంది. చర్చి వైపు నుంచి కనబడకుండా చెట్లు నాటారు. ఆ విగ్రహం చూపు ఎటు ఉందో గమనించమనండి నాన్నగారిని. ఎదుటి వీధిలో ఒక ఇంటి గోడ మీద, కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టు ఒక అమ్మాయి బొమ్మ ఉంటుంది. కవి ప్రేమించినా దక్కని యూలియా. బతికుండగా దక్కలేదు, ఊరివాళ్ళు కనీసం ఎదురెదురుగా పెట్టారు.

అక్కడి నుంచి నెమ్మదిగా నడిస్తే డ్రాగన్ల వంతెన, 1901 నాటిది. 1895 ఏప్రిల్‌లో ఈస్టర్ రాత్రి పెద్ద భూకంపం వచ్చి ఊరు చాలా వరకు దెబ్బతింది. తిరిగి కట్టుకునే రోజుల్లో కాంక్రీటుతో వేసిన వంతెన ఇది. నాలుగు మూలలా నాలుగు పచ్చని రెక్కల డ్రాగన్లు. ఇక్కడ అందరూ ఫొటోలు దిగుతారు, మీరూ దిగుతారు, సరే.

నా మట్టుకు నేను ఒక్కటే చూడమంటే ప్లెచ్నిక్ కట్టిన జాతీయ గ్రంథాలయం చూడమంటాను. 1936 నుంచి 1941 దాకా కట్టారు. బయట ఎర్ర ఇటుకల మధ్య అక్కడక్కడా గరుకు రాళ్ళు పొడుచుకొచ్చి ఉంటాయి, గోడను తడిమి చూడాలనిపిస్తుంది. తలుపు పిడి గుర్రం తల ఆకారంలో ఉంటుంది. లోపల అడుగుపెడితే చీకటి. నల్లరాతి స్తంభాలు 32, మధ్యలో పైకి మెట్లు. ఎక్కేకొద్దీ వెలుతురు పెరుగుతూ పోతుంది. చీకట్లోంచి చదువు వైపు అని ఆయన ఉద్దేశం. ఎవరూ చెప్పకపోయినా కాళ్ళకే అర్థమవుతుంది. చదువుకునే హాలులోకి సందర్శకులను కొన్ని వేళల్లోనే పంపుతారు, ముందే కనుక్కోండి. మెట్ల హాలు చూసినా చాలు.

పెరుగన్నం
శుక్రవారం, సాయంత్రం 5:30

రాళ్ళూరప్పలు గారు రాళ్ళు పెట్టారు, నేను అన్నం పెడతాను.

శాకాహారులు ఆకలితో పడుకునే ఊరు కాదు కానీ, జాగ్రత్తగా అడగాలి. ష్ట్రుక్లి అని పిండిని పలచగా ఒత్తి, లోపల జున్నో, అక్రోటులో, సువాసన ఆకులో పెట్టి చుట్టి ఉడికిస్తారు. తీపివీ ఉంటాయి, ఉప్పువీ ఉంటాయి. పిండిలో గుడ్డు ఉండొచ్చు, అమ్మగారు గుడ్డు తినకపోతే అడగండి. ఇద్రియా ష్లిక్రోఫి అని బంగాళదుంప కూరిన చిన్న ముద్దలుంటాయి, బంగాళదుంపే కదా అని ఆర్డరు ఇచ్చేస్తారు. సంప్రదాయంగా లోపల పందికొవ్వు వేస్తారు. యోతా అనే చిక్కుడు గింజల పులుసు కూడా అంతే, చూడ్డానికి మన పప్పులాగే ఉంటుంది, అడుగున మాంసం ముక్క తేలుతుంది. పుట్టగొడుగుల వంటకాలు, జున్ను పెట్టిన బూరెక్ అనే పొరల రొట్టె, పిజ్జాలు నిశ్చింతగా తినవచ్చు.

మీరు శుక్రవారం మధ్యాహ్నం దిగుతున్నారు కాబట్టి ఒక అదృష్టం. మార్చి మధ్య నుంచి అక్టోబరు దాకా ప్రతి శుక్రవారం, వాన లేకపోతే, బజారు చౌకులో బహిరంగ వంటశాల పెడతారు, ఓద్‌ప్ర్తా కూహ్నా అంటారు. హోటళ్ళ వాళ్ళంతా వచ్చి కళ్ళెదుటే వండుతారు. అందులో భారతీయ వంటకాలు కూడా కనిపిస్తుంటాయి. అమ్మానాన్నలకు అన్నీ చూసి వేలుపెట్టి చూపించి కొనుక్కునే వీలుంటుంది, మెనూ చదివే బాధ లేదు. సాయంత్రం ఆరు తరువాత కాలు పెట్టే చోటుండదు, నాలుగింటికే వెళ్ళండి.

ఇక అసలు విషయం. వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంటు తీసుకోండి, ఎందుకో చెబుతాను. శనివారం ఉదయం బజారుకు వెళ్తే అక్కడ పాల యంత్రం ఒకటుంది. డబ్బు వేసి సీసా పెడితే పచ్చిపాలు పోస్తుంది. సీసా లేకపోతే పక్కనే కొనుక్కోవచ్చు. కాచకుండా తాగకూడదు, అది మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా అమ్మ ఆ పాలు కాచి, పైన కట్టిన మీగడ చూసి, ‘పాలంటే ఇవీ, ఆ అట్టడబ్బాల నీళ్ళు కాదు’ అని, టీ పెట్టి ఇంటిల్లిపాదినీ లేపింది. ఇప్పటికీ ఆ ఊరి కోట గుర్తులేదు ఆవిడకు, పాలు గుర్తున్నాయి.

అదే బజారులో తేనె కొనండి. తేనెటీగల పెంపకం అక్కడ ఇంటింటి పని. మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా ఐక్యరాజ్యసమితి 2017లో ప్రకటించింది కూడా స్లొవేనియా అడిగిన మీదటే. చెస్ట్‌నట్ తేనె కాస్త చేదుగా ఉంటుంది, రుచి చూసి కొనండి. బజారుకు ఆదివారం సెలవు, శనివారమే వెళ్ళాలి.

కొత్తచిగురు
శుక్రవారం, సాయంత్రం 6:11

ఆదివారం మాట వచ్చింది కాబట్టి: దుకాణాలన్నీ మూసేస్తారు, 2020లో చట్టం చేశారు. రైల్వే స్టేషన్లో, పెట్రోలు బంకుల్లో చిన్న దుకాణాలు తప్ప ఏవీ ఉండవు. తిరుగు ప్రయాణానికి పెరుగు, పండ్లు, రొట్టె శనివారమే కొని పెట్టుకోండి. కాఫీ దుకాణాలు, హోటళ్ళు తెరిచే ఉంటాయి. నీళ్ళ సీసాలు కొనకండి, కుళాయి నీళ్ళు మంచివి. వీధుల్లో తాగునీటి కుళాయిలు కూడా ఉంటాయి.

నాలుగుచక్రాలు
శుక్రవారం, రాత్రి 8:48

పాలు, పాలకూర, క్యాబేజీ మళ్ళు. బాగుంది. ఇవి చూడ్డానికి మ్యూనిక్ నుంచి స్లొవేనియా దాకా ఎందుకండీ?

సరదాకే అన్నాను, కోపం తెచ్చుకోకండి. కానీ నా మాటలోనూ న్యాయం ఉంది. అమ్మానాన్నలు మళ్ళీ ఎప్పుడు వస్తారో తెలియదు. ఆ వయసులో వీసా, ఆరోగ్యం, టికెట్లు అన్నీ కుదరాలి. బ్లెడ్ సరస్సు, మధ్యలో దీవి, దీవి మీద గుడి, వెనక మంచు కొండలు. ఆ ఫొటో ఇంటికి తీసుకెళ్ళి పది మందికి చూపించుకోవాలని వాళ్ళకు ఉండదా? గ్రంథాలయం మెట్లు ఎవరికి చూపిస్తారు?

బద్ధకరత్న
శుక్రవారం, రాత్రి 9:15

ఇది కాదనలేని మాట. ఫొటో సంగతి నిజం. మా నాన్న కూడా గడ్డివామి ముందు ఫొటో దిగమంటే దిగలేదు, సరస్సు ముందు పది దిగారు.

కానీ బస్సులో గంటా పావు వెళ్ళడం, గంటా పావు రావడం, దీవికి పడవ, దీవి మీద 99 మెట్లు. శనివారం మొత్తం దానికే పోతుంది. మధ్యాహ్నం కునుకు గోవిందా. వెళ్తే వెళ్ళండి, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. దీవికి వెళ్ళకుండా ఒడ్డున కూర్చున్నా నష్టం లేదు. దీవి నుంచి చూస్తే దీవి కనబడదు కదా.

రైలుబండి
శుక్రవారం, రాత్రి 9:40

ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు కానీ ఎవరూ పటం చూడటం లేదు. మ్యూనిక్ రైలు వచ్చే దారిలోనే లెస్సె బ్లెడ్ అనే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి సరస్సు నాలుగు కిలోమీటర్లు, బస్సు ఉంటుంది, టాక్సీ ఉంటుంది. ఆదివారం ఉదయం లుబ్లియానాలో గది ఖాళీ చేసి, సామానుతో సహా లెస్సెలో దిగి, సరస్సు ఒడ్డున మధ్యాహ్నం దాకా కూర్చుని, అక్కడి నుంచే మ్యూనిక్ రైలు పట్టుకోవచ్చు. వెళ్ళిన దారినే మళ్ళీ వెనక్కి వచ్చే పని లేదు.

దానికి టికెట్టు మాత్రం ముందే తెలివిగా కొనాలి. చౌక టికెట్టులో మధ్యలో దిగి తీరిగ్గా తరువాతి రైలు ఎక్కుతానంటే కుదరదు. లుబ్లియానా నుంచి లెస్సెకు స్థానిక రైలు టికెట్టు విడిగా, లెస్సె నుంచి మ్యూనిక్‌కు దూరప్రయాణం టికెట్టు విడిగా తీసుకోండి. స్థానిక టికెట్టు ఆ రోజు కొన్నా అదే ధర. పెద్ద పెట్టెలు వద్దు, రెండు రోజులకు భుజాన వేసుకునే సంచులు చాలు. పాతబస్తీలో రాళ్ళు పరిచిన వీధులు, చక్రాల పెట్టె లాగితే ఊరంతా లేస్తుంది.

రాళ్ళూరప్పలు
శనివారం, ఉదయం 10:20

రైలుబండి గారి ఉపాయం నాకు నచ్చింది, అయితే ఒక్క చిక్కు. ఆదివారం ఉదయం నది గట్టున పాత సామాన్ల సంత జరుగుతుంది. పాత గడియారాలు, యుగొస్లావియా కాలం నాటి పతకాలు, ఆ దేశాన్ని ఏలిన టిటో బొమ్మలు, ఇత్తడి కాఫీ మరలు, నాణేలు. మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు. నాన్నగారి వయసువాళ్ళు అక్కడ గంటసేపు అలా నిలబడిపోతారు. కొనేదేమీ ఉండదు, ధర మాత్రం ప్రతిదానికీ అడుగుతారు. బ్లెడ్ పెట్టుకుంటే పొద్దున్నే ఒక చుట్టు చుట్టి బయలుదేరండి.

గోదారిగట్టు గారూ, నాన్నగారు ఏం పని చేసేవారు? దాన్ని బట్టి ఒకటి చెప్పాలని ఉంది.

గోదారిగట్టు
శనివారం, ఉదయం 11:02

నాన్న స్కూలు మాస్టారండీ, లెక్కలు చెప్పేవారు. సేద్యం కూడా ఉంది, ఎడ్లబండి తోలిన రోజులున్నాయి. ఎందుకు?

రాళ్ళూరప్పలు
శనివారం, ఉదయం 11:30

అయితే సరిగ్గా సరిపోయింది. నగర మ్యూజియంలో ఒక బండి చక్రం ఉంది. ఊరి పక్కన చిత్తడి నేలల్లో 2002లో దొరికింది. వయసు సుమారు 5,200 ఏళ్ళు. ఇరుసుతో సహా దొరికిన చెక్క చక్రాల్లో ప్రపంచంలో ఇంతకంటే పాతది ఇంకా దొరకలేదు. బురదలో గాలి తగలకుండా ఉండిపోయింది కాబట్టి కుళ్ళలేదు.

మన బండి చక్రానికి ఆకులుంటాయి కదా, దీనికి లేవు. రెండు వెడల్పు పలకలను పక్కపక్కన చేర్చి, అడ్డబద్దలు దిగగొట్టి, గుండ్రంగా చెక్కారు. మధ్య రంధ్రం నలుచదరంగా ఉంటుంది, ఇరుసు చివర కూడా నలుచదరమే. అంటే ఇరుసు నిలిచి ఉండి చక్రం తిరగడం కాదు, రెండూ కలిసే తిరిగేవి. మలుపులో ఆ బండి ఎంత మొండికేసేదో ఎడ్లబండి తోలినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చక్రం బూరుగ లాంటి మెత్తని కలప కాదు, ఆష్ చెట్టుది. ఇరుసుకు ఓక్. దేనికి ఏ కలప వాడాలో అప్పటికే తెలుసు. మాస్టారు అక్కడ మిమ్మల్ని గంటసేపు నిలబెట్టి పాఠం చెబుతారు, సిద్ధపడి వెళ్ళండి.

గ్రంథాలయానికీ మ్యూజియానికీ మధ్య నాలుగడుగులే. పక్కనే ఫ్రెంచి విప్లవ చౌకులో నెపోలియన్ ముఖం చెక్కిన స్తంభం ఉంటుంది. 1809 నుంచి 1813 దాకా ఫ్రెంచివాళ్ళు ఈ చుట్టుపక్కల ప్రాంతాలను ఇల్లీరియా పేరుతో ఏలినప్పుడు ఈ ఊరే రాజధాని. నెపోలియన్‌కు స్తంభం కట్టిన ఊళ్ళు ఫ్రాన్సు బయట అరుదు. అప్పట్లో బడుల్లో స్లొవేన్ భాషకు చోటిచ్చారన్న కృతజ్ఞత. ఒక మధ్యాహ్నానికి ఇవి చాలు.

పెరుగన్నం
శనివారం, మధ్యాహ్నం 1:15

సాయంత్రానికి నెబోటిచ్నిక్ పెట్టుకోండి. 1933లో కట్టిన ఆకాశహర్మ్యం, అప్పట్లో యుగొస్లావియాలోకెల్లా ఎత్తైనది. ఇప్పుడు చూస్తే మన ఊళ్ళలోని అపార్ట్‌మెంట్ల కంటే పెద్దదేమీ కాదు. లిఫ్టులో పైకి వెళ్తే కాఫీ దుకాణం, చుట్టూ ఊరు, కోట, ఆకాశం తేటగా ఉంటే ఉత్తరాన ఆల్ప్స్. కోట బురుజు మెట్లు ఎక్కలేనివాళ్ళకు ఇదే కోట. పొద్దుగూకే వేళకు బల్లలు నిండిపోతాయి, కాస్త ముందే వెళ్ళి కూర్చోండి.

గోదారిగట్టు
శనివారం, రాత్రి 9:33

ఇంట్లో పంచాయితీ జరిగింది. నాన్నకు చక్రం సంగతి చెప్పగానే ‘పద’ అన్నారు, ఇక ఏ ప్రశ్నా లేదు. అమ్మ మాత్రం సరస్సు ఫొటో చూసి అక్కడే ఆగిపోయింది. అందుకని శుక్రవారం సాయంత్రం బహిరంగ వంటశాల, శనివారం ఉదయం బజారు, కవలీర్ బండి, మధ్యాహ్నం నిద్ర, తరువాత గ్రంథాలయం, మ్యూజియం. కోటను నేను, మావారు ఇద్దరం శనివారం పొద్దున్నే వాళ్ళు లేచేలోగా చూసి వస్తాం. ఆదివారం రైలుబండి గారి పద్ధతిలో లెస్సెలో దిగి బ్లెడ్. దీవికి వెళ్ళడం లేదు, ఒడ్డునే. టికెట్లు విడివిడిగా కొన్నాను. క్రాకోవోలో వంటిల్లున్న ఇల్లు దొరికింది, మొదటి అంతస్తు, లిఫ్టు లేదు కానీ పద్నాలుగు మెట్లేనట.

ఆ నెలలో వాతావరణం ఎలా ఉంటుంది? స్వెటర్లు సరిపోతాయా?

కొత్తచిగురు
శనివారం, రాత్రి 9:58

పగలు బాగుంటుంది అక్కా, పొద్దున్నే మాత్రం పొగమంచు. ఊరు కొండల మధ్య గిన్నెలాంటి పల్లంలో ఉంది కదా, శరదృతువులో మంచు పట్టుకుని తొందరగా వదలదు. కోటకు మరీ పొద్దున్నే వెళ్తే ఏమీ కనబడకపోవచ్చు, తొమ్మిది దాటాక చూసుకుని ఎక్కండి. వాన ఎక్కువే పడే ఊరు, గొడుగులు తప్పనిసరి. స్వెటరు మీద ఒక పలచటి వాన కోటు కూడా పెట్టుకోండి.

నాలుగుచక్రాలు
ఆదివారం, ఉదయం 9:05

సరే, ఓడిపోయాను. ఇంతకీ నేను అక్టోబరులో మా అత్తగారిని తీసుకుని కారులోనే వెళ్తున్నాను. ఊరి మధ్యలోకి బండి రానివ్వకపోతే ఎక్కడ పెట్టాలి?

బద్ధకరత్న
ఆదివారం, ఉదయం 9:47

ఊరి శివార్లలో కారు వదిలి బస్సులో వెళ్ళే పార్కింగ్ స్థలాలున్నాయి. ఉత్తరాన స్టోజిత్సె, నైరుతిలో డోల్గి మోస్ట్. పార్కింగ్ డబ్బులోనే రానూపోనూ బస్సు ప్రయాణం కలిసి ఉంటుంది. అత్తగారిని, సామానునూ ముందు బస దగ్గర దింపే వీలుందేమో ఇంటివాళ్ళను అడిగి, తరువాత మీరొక్కరే వెళ్ళి కారు పెట్టి రండి. జూలై, ఆగస్టు శనివారాల్లో కారవాంకెన్ సొరంగం ముందు గంటల తరబడి ఆగాల్సి వస్తుంది, అక్టోబరు కాబట్టి ఆ బాధ తక్కువ. పోస్తొయ్నా గుహకు అత్తగారిని అడిగాకే టికెట్టు కొనండి.